పేరు మరిచిపోయిన హీరోయిన్

ఈ ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదు పోయి అమీర్‌పేటలో మా పెద్దమ్మ కూతురు దగ్గర పది రోజులున్నాను. అక్క అక్కడ లేడీస్ హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోంది. ఆ సందుల్లో ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. అక్క పొద్దున పోతే మధ్యాహ్నం వస్తది. అందాక నాకు తోడు ఒక పాత నవల. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. అందుకే పేరు రాయడం లేదు.

కథ ఏమిటంటే, కారు ప్రమాదంలో ఒకామె తనెవరో మరిచిపోతుంది. ఆమెను చంపాలని ఎవరో తిరుగుతుంటారు. ఒక డాక్టరు ఆమెకు వేరే పేరు పెట్టి కొండ మీద బంగళాలో దాస్తాడు. ప్రేమ కూడా పుడుతుంది. కిటికీ దగ్గర నీడ కనపడే చోట నాకు నిజంగానే చెమటలు పట్టాయి. దొంగ ఎవరో మాత్రం చెప్పను. అక్క దసరాకు ఆ పుస్తకం తెస్తానంది.

మా తెలుగు టీచరుకు ఈ కథ చెబితే నిజంగా జరిగింది ఒకటి చెప్పారు. 1926 డిసెంబరు 3 రాత్రి అగాథా క్రిస్టీ అనే ఇంగ్లండు రచయిత్రి ఇంట్లోంచి వెళ్లి కనిపించకుండా పోయిందట. కారు దొరికింది, మనిషి లేదు. 11 రోజులకు హారోగేట్ అనే ఊళ్లో హోటల్లో వేరే పేరుతో ఉండగా దొరికింది. జ్ఞాపకం పోయిందని భర్త చెప్పాడు. ఆమె మాత్రం తన ఆత్మకథలో ఆ రోజుల గురించి ఏమీ రాయలేదు. మరిచిపోయిందో, దాక్కుందో!

నవలలో నాకు ఒకటి నచ్చలేదు. హీరోయిన్‌కు అమ్మ పేరు, ఊరి పేరు గుర్తు లేవు గానీ తెలుగు మాత్రం పుస్తకంలో లాగా గడగడా మాట్లాడుతుంది. అదే కోయ పిల్ల అయితే కథ రెండో పేజీలోనే అయిపోయేది. నోరు తెరవగానే ఏ వైపు మనిషో డాక్టరుకు తెలిసిపోతుంది కదా.

మా అక్కకు అన్నీ గుర్తే. అయినా దాక్కుంటది. మెస్‌లో నేను అలవాటుగా "ఏరు" అడిగాను. మన కోయలో ఏరు అంటే నీళ్లు. పక్కనున్న అమ్మాయిలు "ఏ ఏరు? గోదావరా?" అని నవ్వారు. అక్క "మా వైపు అట్లనే అంటరు" అని గ్లాసు నా ముందు పెట్టింది. మా వైపు అన్నది, కోయ అనలేదు. గదిలోకి వచ్చాక "ఇక్కడ మనం ఎవరమో చెప్పకు. చెప్తే వేరేగా చూస్తరు" అంది. నాకు కోపమొచ్చింది గానీ అక్క ముఖం చూసి ఊరుకున్నాను.

ఒకరోజు మెట్రోలో పంజాగుట్ట పోయాం. అమీర్‌పేట తర్వాతి స్టేషనే. నిమ్స్ ఆసుపత్రి దగ్గర ఒక ముసలామె కాగితాలు పట్టుకొని కొడుకుతో కోయలో మాట్లాడుతోంది. ఎటు పోవాలో వాళ్లకు తెలియడం లేదు. అక్క ముందుకు పోయి, ఆగింది. అటూ ఇటూ చూసింది. తర్వాత వెనక్కి వచ్చి వాళ్లకు కోయలోనే దారి చెప్పింది. ఆమె అక్క చేతులు పట్టుకొని ఇంటి పేరు అడిగింది. అక్క చెప్పింది. చాలా మెల్లగా చెప్పింది.

ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే అక్క ముందు తెలుగులో "ఆగు, ఆగు" అంటది. మేడ మీదికి పోయాకే కోయ మాట్లాడతది. వార్డెన్ మేడమ్ ఇచ్చే ఐదు నిమిషాల్లో రెండు నిమిషాలు అక్క మెట్లెక్కడానికే పోతాయి.