భీమిలి కెరటాల మీద హీరోలు

‘మరో చరిత్ర’ చూశాక భీమిలి వెళ్ళాలనిపించని కుర్రాడు ఆ రోజుల్లో ఎక్కడైనా ఉన్నాడేమోగాని, మా కాలేజీలో మాత్రం లేడు! 1978లో బాలచందర్ గారు విశాఖ, భీమిలి తీరాల్లో తీసిన ఆ బ్లాక్ అండ్ వైట్ చిత్రం చూసి, కమల్‌హాసన్, సరిత తిరిగిన ఇసుకని మేమూ తొక్కి రావాలని ఒకటే సరదా.

అప్పట్నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుంటే దారి పొడుగునా కుడివైపు సముద్రమే. గోస్తనీ నది ఆ సముద్రంలో కలిసేచోట భీమిలి. పావురాలకొండ మీద బౌద్ధుల శిథిలాలు, లైట్‌హౌస్, గంటస్తంభం, డచ్చివారి సమాధులు... అవుట్‌డోర్‌కి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?

డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలోనే ఇక్కడ వ్యాపారానికి దిగారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1861కల్లా మునిసిపాలిటీ కూడా అయింది.

అసలు హీరోలు మాత్రం వేరే ఉన్నారండోయ్! ఇక్కడ ఓడలు ఒడ్డుదాకా వచ్చేవి కావు. దూరంగా లంగరేసేవి. సరుకు ఎక్కించాలన్నా దించాలన్నా పడవలే దిక్కు. మధ్యలో విరుచుకుపడే కెరటాలు! మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బకి బద్దలైపోతుంది. అందుకే ఈ తీరంలో పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలు వాడేవారు. కెరటం కొడితే అవి కాస్త వంగుతాయేగాని విరగవు. ఏ కెరటాన్ని పోనివ్వాలో, ఏ కెరటం మీద ఎక్కాలో పడవవాళ్ళకే తెలుసు. ట్రిక్ షాట్ లేదు, డూప్ లేడు, రెండో టేకు అసలే లేదు!

తర్వాత రైలు వచ్చింది. మెయిన్ లైను భీమిలిని తాకకుండా లోపలినుంచి పోయింది. 1933లో విశాఖ హార్బర్ తెరిచారు. ఓడలు నేరుగా లోపలికొచ్చి ఆగుతుంటే ఇక కుట్టు పడవతో పనేముంది? రేవు ఊరు కాస్తా బీచ్ ఊరయింది.

సమాధుల రాళ్ళ మీద డచ్చివాళ్ళ రాతలు ఇంకా కనిపిస్తాయి. వాళ్ళ సరుకుని కెరటాలు దాటించిన మనవాళ్ళ పేరొక్కటీ అక్కడ కనిపించదు. ఎప్పుడెళ్ళినా నాకు మనసు చివుక్కుమనేది అక్కడే.

మీరూ వెళ్ళండి. ఫోటోలు దిగండి, ఎవరొద్దన్నారు? కాని ఓ పది నిమిషాలు ఆ తెల్లటి నురుగు ముందు నిలబడి, చెక్కనీ తాడునీ నమ్ముకుని పడవ దాటించడమంటే ఏమిటో ఊహించుకోండి. ఆ సీను తీయబోయే డైరెక్టరు మీలోనే ఉన్నారేమో, ఎవరికి తెలుసు!