నోరులేని వెన్నులు

ముప్పై అయిదేళ్లు నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పినవాడిని. పదవీ విరమణ తరువాత నడుము నన్ను నిలబడనీయలేదు. ఎమ్మారై చిత్రం చూసి "డిస్కు అరిగింది మాస్టారూ" అన్నారు వైద్యులు. ఆ డిస్కు సంగతేమిటో తెలుసుకుందామని చదవబోతే మూగజీవాల కథ ఎదురైంది.

వెన్నుపూసల నడుమ మెత్తవలె అమరిన డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. అందుచేత చెడితే మరల బాగుపడటం కష్టం. ఆ చెడే క్రమాన్ని పరిశీలించటానికి కుందేలు డిస్కు అంచున సూది గుచ్చుతారు. ఎలుక తోకను బిగించి ఒత్తిడి కలిగిస్తారు. అయితే ఈ రెండింటిలోనూ పిండదశనాటి నోటోకార్డు కణాలు పెద్దయ్యాక కూడా నిలిచి ఉంటాయి. మనిషిలో అవి పదేళ్ల ప్రాయానికే దాదాపు కనుమరుగవుతాయి. ఈ విషయంలో గొర్రె, మేక మనకు దగ్గర చుట్టాలు. కురచకాళ్ల డాక్స్‌హుండ్ కుక్కకైతే సూదితో పనిలేదు. చిన్నవయసులోనే డిస్కు తనంతట తానే చెడుతుంది. కుక్కలలో ఈ వ్యాధి తీరును స్వీడన్ పశువైద్యుడు హాన్సెన్ 1952లోనే వివరించాడు.

డిస్కు ఎత్తును, తేమను కొలవవచ్చు. నొప్పిని మాత్రం ఆ జీవి నడకనుబట్టి, ఉలికిపాటునుబట్టి ఊహించవలసిందే. డిస్కు అరిగినా నొప్పి ఎరుగని మనుషులు ఎందరో ఉన్నారట. అంటే నా చిత్రంలోనూ అరుగుదలే తప్ప బాధ కనబడలేదన్నమాట. నాకు నోరుంది కనుక చెప్పుకున్నాను.

"నోరులేని జీవి" అన్న పలుకుబడికి తరగతిలో ఎన్నిసార్లు అర్థం చెప్పానో! ఇప్పుడు వ్యాయామానికి నడుము వంచినప్పుడల్లా ఆ కుందేలు గుర్తుకు వస్తోంది.