మెట్ల కింది మైనం

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం

రథసప్తమి హడావిడి సద్దుమణిగింది. అయినా ఆదివారం కదా, సూర్యనారాయణమూర్తి గుడి వీధిలో జనం తగ్గలేదు. మధ్యాహ్నం తలుపు జారేసి అమ్మ వీణ గవిసెన విప్పాను. మాఘమాసపు ఎండ, గాలిలో తేమ తక్కువ. సముద్రం ఇంత దగ్గరున్న మనకు ఈ పనికి ఇంతకంటే మంచి అదను రాదు. వానాకాలంలో లక్క పాలిష్ జోలికి వెళ్తే పొరలో చెమ్మ చిక్కుకుని తెల్లగా మబ్బు పట్టేస్తుంది.

ఇది గొల్లపల్లి పని. బొబ్బిలి పక్కన ఆ ఊళ్లో సర్వసిద్ధి వాళ్లు తరతరాలుగా చెక్కుతున్న ఏకండి వీణ. కుండా, దండీ అంతా ఒకే పనస దుంగ. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ ఇవాళ ఆ పేరు చెబితే చాలామందికి సన్మానాల్లో చేతికిచ్చే చిన్న బొమ్మ వీణే గుర్తొస్తుంది. ఇది వాయించిన వీణ. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో అమ్మ చదువుకుంది. సాధనంతా దీని మీదే.

మురికి ఎక్కడెక్కడ ఉందో రాసుకున్నాను. మెట్ల మధ్య నల్లటి జిడ్డు. తీగ మీద వేళ్లు జారడానికి అమ్మ రాసుకున్న కొబ్బరినూనె, దాని మీద పేరుకున్న దుమ్ము. పలక మీద ఏటా మూలా నక్షత్రం నాడు పెట్టిన గంధం బొట్లు. తడి గంధం ఎండినచోటల్లా పాలిష్ తెల్లబడి వలయాలు తేలాయి. కుంకుమ ఎరుపు లక్కలోకే దిగిపోయింది. కుడి ముంజేయి ఆనే అంచున మాత్రం పాలిష్ పూర్తిగా అరిగిపోయి చెక్క నున్నగా బయటపడింది. దాన్ని మురికి కింద రాయలేదు. అది అమ్మ చెయ్యి.

ఫిబ్రవరి 11, మంగళవారం

తమ్ముడి కొడుకు గిటార్ పట్టుకొచ్చాడు. విశాఖలో ఎవరో వాడి వదిలేసింది కొనుక్కున్నాడు. వసారాలో వాడు దానికి చేసిన సేవ చూస్తే ముచ్చటేసింది. తీగలు తీసేసి, ఫ్రెట్ల మధ్య చెక్కకు కాగితం టేపు అంటించి, ఫ్రెట్లను నాలుగు సున్నాల ఉక్కు పీచుతో మెల్లగా రుద్దాడు. ఎలక్ట్రిక్ గిటార్ అయితే పికప్‌లకు కూడా టేపు వేయాలట, లేకపోతే పీచు రజను అయస్కాంతాలకు పట్టుకుంటుంది. తర్వాత టేపు పీకి, మెత్తటి గుడ్డ మీద రెండు చుక్కల నూనె వేసి రోజ్‌వుడ్ పట్టీకి రాసి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేశాడు. ఆ చెక్కకు వార్నిష్ ఉండదు, ఎండి బీటలు వారకుండా ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ కాస్త నూనె చాలు. నిమ్మ నూనె పేరుతో అమ్మేది చాలావరకు వాసన కలిపిన మినరల్ నూనే.

ఆ సీసా పట్టుకునే వీణ దగ్గరకు వచ్చాడు.

“అత్తా, దీనికీ ఇదే రాసేద్దామా?”

“ఆగరా బాబూ. ఆ నల్లటిది చెక్క కాదు.”

గోటితో మెల్లగా తాకి చూశాడు. “ఏటత్తా, మైనమా!”

మైనమే. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండికి రెండు వైపులా గట్టులా పోసి, దాని మీద 24 మెట్లు కూర్చోబెడతారు. గిటార్ ఫ్రెట్లకు లెక్క ముందే కట్టి ఉంటుంది, చెక్కలో గాడి కోసి దిగగొడతారు, ఇక కదలవు. వీణకు మెట్లు కట్టేవాడు మైనం మెత్తగా ఉండగానే తీగ మీటి, చెవితో విని, మెట్టును ఇటు ఒక వెంట్రుకవాసి, అటు ఒక వెంట్రుకవాసి జరుపుతాడు. స్వరం ఉన్నదంతా ఆ మైనం పట్టులోనే. నూనె తగిలితే అది మెత్తబడుతుంది, ఎండ తగిలితే కారుతుంది. సూర్యనారాయణమూర్తి ఊళ్లో ఉంటూ కూడా నేను వీణను ఎండపొడ తగలని గదిలోనే ఉంచుతాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

కుండ అడుగున, ఎవరికీ కనిపించని చోట, దూదిపుల్లకు ఒక చుక్క స్పిరిట్ అద్ది ఆనించాను. జిగురు తేలింది. లక్క పాలిషే, సందేహం లేదు. ఇప్పటి మెలమైన్ పూత అయితే ఒక చుక్క స్పిరిట్‌కు చలించదు. అంటే ఈ వీణను స్పిరిట్‌తో తుడవడమంటే మురికితో పాటు పాలిష్‌నీ ఎత్తేయడమే. గుడ్డ నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, తడి తెలిసీ తెలియనట్టు ఒత్తి, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడుస్తూ వచ్చాను. ఒక్కొక్క బెత్తెడు మేర. గుడ్డ నల్లబడుతుంటే కింద ముదురు ఎరుపు తేలుతోంది. 

పాత చిత్రాల మీద మురికి తీయడానికి మ్యూజియంలలో ఉమ్మి వాడతారని చదివాను. అది ఎంత బాగా పనిచేస్తుందో కొలిచి చూసిన పోర్చుగల్ పరిశోధకులకు 2018లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఉమ్మిలో ఉండే ఎంజైమ్ జిడ్డుమురికిని విడగొడుతుందట. శాస్త్రం నిజమే కావచ్చు. సరస్వతీ పూజలో కూర్చోబెట్టే వీణకు ఎంగిలి తాకించడం నా వల్ల కాదు. గోరువెచ్చటి నీళ్లు చాలు, కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

మెట్లకు చిలుము పట్టింది. చెయ్యి అలవాటుగా చింతపండు కోసం వెళ్తుంది, దీపపు కుందులు తోమేది దానితోనే కదా. పులుసు నీళ్లు మెట్టు కిందికి జారితే మైనానికీ లోహానికీ మధ్య చేరి పట్టు వదిలిస్తాయి. పొడి నూలుగుడ్డనే సన్నగా పేలికలా చించి, మెట్టు మీద అడ్డంగా లాగాను. తీగ కోసిన గాడులు మాత్రం గుడ్డకు లొంగవు. అంచుల కొమ్ము పలకల మీది లతల్లో నల్లరంగు నింపి ఉంటుంది. తడి తగిలితే అదీ ఊడివస్తుంది కాబట్టి వాటిని మెత్తటి కుంచెతో దులిపి వదిలేశాను.

పాలిష్ పని చేసే ఒకాయన సాయంత్రం వచ్చి చూసి, గరుకు కాగితం కొట్టి కొత్త పూత వేస్తే రెండు రోజుల్లో షోరూమ్ సరుకులా ఉంటుందన్నాడు. ఆయన పనితనం మీద నాకు గౌరవమే. వద్దని చెప్పి టీ ఇచ్చి పంపాను. గరుకు కాగితం ముందుగా తినేసేది ఆ ముంజేయి చోటునే.

ఫిబ్రవరి 20, గురువారం

వీణతో గొల్లపల్లి వెళ్లొచ్చాను. కొత్తగా చెక్కుతున్న కుండల్లోంచి పచ్చి పనస వాసన. మెట్లు కట్టే పెద్దాయన అద్దాలు పెట్టుకుని మెట్టు మెట్టునీ గోటితో మీటి చూశాడు. తారస్థాయి వైపు మైనం ఎండి పగిలిందట. “పాలిష్ జోలికి పోకమ్మా, ఇంకో తరం దాకా పనికొస్తాది. మైనమే మార్చాల.” పగిలిన మేర కొత్త మైనం పోసి, ఆ మెట్లను తిరిగి కూర్చోబెట్టాడు. గాడులు పడ్డ మెట్లను ఆకురాయితో సరిచేశాడు. పొద్దుగూకేదాకా పక్కనే కూర్చున్నాను. కొలబద్ద ఒక్కసారి కూడా ముట్టుకోలేదాయన. రెండో చెవి అవసరమైనప్పుడు కొడుకును పిలిచి అడిగాడు.

మార్చి 9, ఆదివారం

గుడిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడే రోజులు మొదలయ్యాయి. తెల్లవారకముందే వీధి నిండింది. గుడికి వెళ్లొచ్చి కొత్త తీగలు కట్టాను.

మేనల్లుడు ఫోటో తీసుకుని, ఇంకా మెరవలేదేమని అడిగాడు. గంధం వలయాలు పలచబడ్డాయి గానీ పోలేదు. కుంకుమ ఎరుపు అలాగే ఉంది. వాటిని పోగొట్టాలంటే లక్క పొరను తీయాలి, తీయను. ఈ ఏడు నుంచి పూజకు గంధం బొట్టు వీణకు కాదు, పీట మీది వస్త్రానికి పెడతాను. వాయించాక తీగలూ మెట్లూ పొడిగుడ్డతో తుడిచే పని వాడికి అప్పగించాను. రోజూ తన గిటార్‌కు చేసేదేనని ఒప్పుకున్నాడు.

తారస్థాయి గాంధారం దగ్గర తీగ ఇంకా జిరజిరలాడుతోంది. పెద్దాయనకు ఫోన్ చేశాను. కొత్త మైనం సర్దుకుంటోంది, ఉగాదికి ముందు ఒకసారి తెమ్మన్నాడు. ఎండలు ముదిరాక మెట్టు ముట్టుకోడట.