మూడు దేశాలు... నాలుగు డబ్బులు... అయిదు నోట్లు!

సినిమాల్లో హీరోగారు విదేశం వెళ్తే ఆయనకు చిల్లర బాధ ఉండదు. టాక్సీ దిగుతాడు, జేబులోంచి ఒక నోటు తీసి డ్రైవరు చేతిలో పెడతాడు, మిగతాది తీసుకోకుండానే హీరోయిన్ వెనకాల పరుగెడతాడు. పాట మొదలు! 1979లో బాలచందర్ గారు సింగపూర్ చూపించిన 'అందమైన అనుభవం' దగ్గర్నుంచి నిన్నమొన్నటి సినిమాల దాకా తెరమీద ఎన్నో విదేశీ వీధులు చూశాను. హీరో నోటును తిప్పి తిప్పి చూసి "ఇది ఎంతండీ?" అని అడగడం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

నేను అడిగాను. మూడు దేశాల్లో అడిగాను!

మాది బాన్సువాడ. నిజాంసాగర్ కాలువ నీళ్లు, వరి పొలాలు, ఆర్టీసీ డిపో ఉన్న ఊరు. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. మా బస్టాండులో ఒక గంట కూర్చోండి, గల్ఫ్ కబురు చెవిన పడకపోతే నన్నడగండి. "మావోడు మస్కట్ల ఉన్నడు" అని ఒకరు, "అల్లుడు దుబాయి నుంచి దిగుతున్నడు" అని ఇంకొకరు. మా నాన్న కూడా ఆ దారిన పోయినవాడే. 2004 నుంచి ఏడేళ్లు దోహాలో సెంట్రింగ్ పని చేశాడు. 2018లో ఆయన పోయాక, పెట్టె అడుగున చొక్కా మడతలో అయిదు నోట్లు దొరికాయి. ఒక్కొక్కటి నూరు ఖతార్ రియాళ్లు. అమ్మ వాటిని బ్యాంకుకు తీసుకెళ్లలేదు, ఎవరికీ చూపించలేదు.

2023 జనవరిలో దుబాయ్‌లో ఉన్న మా బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, అత్తమ్మను తీసుకొని రా. ఓడ ఎక్కిస్తా. దుబాయ్, మస్కట్, దోహా, అబుదాబి, మళ్లీ దుబాయ్!" దోహా పేరు వినగానే అమ్మ లేచి వెళ్లి పెట్టె తెరిచింది.

"మీ నాయిన ముక్కుపుడక తెస్తనని ఏడేండ్లు చెప్పిండు. ఆ పైసలతోనే అక్కడ్నే కొంట" అంది.

తాత లెక్క

రెండు రకాల డబ్బు మా ఊరికి కొత్త కాదు లెండి. నిజాం రోజుల్లో ఇక్కడ చెల్లింది హాలీ సిక్కా, సరిహద్దు దాటితే కల్దార్. 7 హాలీ రూపాయలిస్తే 6 కల్దార్లు. నూరు కల్దార్లు కావాలంటే నూట పదహారు హాలీల పైన ఇంకొంత చిల్లర పెట్టాలి. 1959 దాకా హాలీ చెలామణిలో ఉంది. సంతకు పోయి రెండు డబ్బులూ మార్చుకొచ్చిన మా తాత ఒక మాట అనేవాడట: "రూపాయి అన్న పేరు జూసి మోసపోవద్దు, ఎవని రూపాయో అడుగు." ఆ మాట విలువ నాకు ఓడ ఎక్కాక తెలిసింది.

ఓడలో నోటు చెల్లదు!

ఓడంటే ఓడ కాదు, సముద్రం మీద తేలే బజారు. అక్కడ కాఫీ తాగినా, ఫోటో కొనుక్కున్నా జేబులో చెయ్యి పెట్టే పనిలేదు. ఎక్కగానే ఒక కార్డు ఇస్తారు. అదే గది తాళం, అదే పర్సు. లెక్కంతా యూరోల్లో రాసుకుంటూ పోయి చివరి రోజు బిల్లు చేతికిస్తారు. రోజుకు ఇంతని సర్వీసు రుసుం కూడా తలకింత చొప్పున అందులోనే పడుతుంది. గీకుతున్నంతసేపూ డబ్బు ఖర్చవుతున్నట్టే ఉండదు, అదే దాని కిటుకు! అప్పట్లో యూరో అంటే 88 రూపాయలు. "మూడే కదా" అనుకొని తాగిన నిమ్మరసం 264 రూపాయలని రాత్రి లెక్కేసుకున్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఇంతకీ నోట్ల అవసరం ఒడ్డున దిగాకే. టాక్సీకి, టీకి, సంతలో బేరానికి. ఓడ కౌంటర్లోనూ మారుస్తారు గాని రేటు వాళ్లదే. ఊళ్లోని మనీ ఎక్స్ఛేంజి దుకాణమే మేలు.

బావ నాకు మూడు కవర్లు ఇచ్చాడు. "ఒక్కో దేశానికి ఒక్కో కవరు. ఒకదాన్లోది ఇంకోదాన్ల కలిపినవనుకో, ఆగమే! చిన్న నోట్లే తీస్కో. నాణేలు దిగేలోపు ఖర్చు పెట్టేయ్, ఊరికి పోయినంక వాటిని ఎవ్వడూ మార్చడు. షాపుల కార్డు గీకితే మిషన్ల రూపాయలా, ఇక్కడి డబ్బా అని అడుగుతది. ఇక్కడి డబ్బే నొక్కు. రూపాయలు నొక్కితే వాని రేటు మన నెత్తిన పడ్తది."

అయిదే కదా!

మస్కట్‌లో రేవు దాటితే నడక దూరంలోనే ముత్రా సంత. సాంబ్రాణి పొగ, అత్తరు వాసన, వెండి సామాను! అత్తరు బుడ్డి ఒకటి నచ్చింది. "అయిదు రియాల్" అన్నాడు దుకాణం వాడు. నా తలలో దిర్హాము లెక్క తిరుగుతోంది. దిర్హాము 22 రూపాయలు, అంటే నూట పది. బేరమే ఆడకుండా ఇచ్చేశాను. బయటికి రాగానే బావ నుదురు కొట్టుకున్నాడు.

"ఒమాన్ రియాల్ రా! ఒక్కటి తొమ్మిదిన్నర దిర్హాములు!"

212 రూపాయల చొప్పున అయిదు... వెయ్యిన్నర్వై! ఆ అత్తరు ఇప్పటికీ మా ఇంట్లో పండగనాడే తీస్తారు.

చిత్రమేమంటే, ఖతార్‌లోనూ డబ్బు పేరు రియాలే. అది మాత్రం ఇంచుమించు దిర్హాముతో సమానం. ఈ మూడూ డాలరుకు కట్టేసిన డబ్బులు కనక వాటి మధ్య లెక్క ఏళ్ల తరబడి కదలదు. ఒకసారి బట్టీ పడితే చాలు. ఒమాన్ రియాల్‌కు వెయ్యి బైసాలు. 'బైసా' అంటే మన పైసానే! ఈ తీరమంతా ఒకప్పుడు మన రూపాయే నడిచింది. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా నోట్లు అచ్చువేసింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక ఒక్కొక్కరు సొంత డబ్బుకు మారారు. ఒమాన్ 1970 దాకా ఆగింది.

శుక్రవారం దోహా

దోహాలో దిగింది శుక్రవారం. సూక్ వాకిఫ్ పక్కనే బంగారం బజారు. అమ్మ రెండు గ్రాముల లోపు ముక్కుపుడక ఒకటి ఏరుకుంది. కొంగుముడి విప్పి అయిదు నోట్లు గాజుబల్ల మీద పెట్టింది. దుకాణంలోని మలయాళీ అబ్బాయి వాటిని చూసి మెల్లగా వెనక్కి జరిపాడు.

"అమ్మా, ఇవి పాతవి. 2021 డిసెంబరు 31తో చెల్లుబాటు అయిపోయింది. కొత్త నోట్లొచ్చాయి."

అమ్మకు అర్థం కాలేదు. "దొంగ నోట్లా?" అని అడిగింది నన్ను. ఆ ప్రశ్నకు నా గొంతు పట్టేసింది. నాన్న ఎండలో నిలబడి తెచ్చుకున్న నోట్లు!

అయితే పదేళ్ల వరకు ఖతార్ సెంట్రల్ బ్యాంకులో మార్చుకోవచ్చట. కాని శుక్రవారం బ్యాంకు సెలవు. సాయంత్రానికి ఓడ కదులుతుంది. నా కార్డుతో కొంటానన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

బయట అరుగు మీద కూర్చున్నాం. మా మాటలు విని ఒకతను దగ్గరికొచ్చాడు. "ఏ ఊరు పెద్దమ్మా?" అన్నాడు. బాన్సువాడ అనగానే అతని మొహం విప్పారింది. అతనిది బీర్కూర్, మాకు పక్కనే. సంగతి విని, "నాది రాత్రి డ్యూటీ. ఆదివారం పొద్దుగాల బ్యాంకుకు పోయి మార్చి పంపిస్త" అన్నాడు.

బావ నా వైపు చూశాడు. ముక్కూమొహం తెలియని మనిషి! అమ్మ మాత్రం అతని చేతులకేసి చూసింది. కాయలు కాసిన చేతులు. నాలుగు నోట్లు అతనికిచ్చింది. అయిదోది మళ్లీ కొంగున కట్టుకుంది.

రెండు వారాల తర్వాత బాన్సువాడలో అమ్మ ఖాతాలో 8,900 రూపాయలు పడ్డాయి. ముక్కుపుడక మా బజారులోనే కొన్నాం, తక్కువపడ్డది నేను వేశాను. దానికి అమ్మ ఒప్పుకుంది.

మీరూ ఎప్పుడైనా ఓడ ఎక్కుతారు కనక ఒక్క మాట. మన నిబంధనల ప్రకారం చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా విదేశీ నోట్లు, మన రూపాయలు 25,000 దాకా తీసుకుపోవచ్చు. అంత మోయొద్దు లెండి, కొంత కార్డులో పెట్టండి. ఇంట్లో పాత నోట్లుంటే బయల్దేరే ముందే చెల్లుతాయో లేదో కనుక్కోండి. తీరా దిగే రోజు సెలవో కాదో కూడా చూసుకోండి!

అయిదో నోటు పెట్టె అడుగున అదే చొక్కా మడతలో ఉంది. దోహా పోయేవాళ్లు దొరికినప్పుడల్లా పంపుదామా అంటాను.

"గడువు ఇంకా ఉన్నది గద బిడ్డా" అంటుంది అమ్మ, పెట్టె మూసేస్తూ.