ఎవరి కొలత వాళ్లది

వదినగారూ, పొద్దున అన్నయ్యగారు అంత ఆయాసపడుతూ వచ్చారేం? పార్కులో ఆ కుర్రాళ్ల బ్యాచీతో సమానంగా పరిగెత్తారా! బాగానే ఉంది. పక్కింటావిడ జాకెట్టు మనకి పడుతుందాండీ? బీపీ మనిషికి వ్యాయామమూ అంతే, కొలతలు తీసి కుట్టించుకోవాల్సిందే.

మావారిని ఫిజియోథెరపిస్టుకి చూపిస్తే, ఆ అమ్మాయి ముందుగా మాత్రల చీటీ అడిగింది. ఈయన వేసుకునేది మెటోప్రొలాల్ కదా, అది గుండె వేగాన్ని పెరగనివ్వదట. ఇక వాచీలో అంకె చూసుకుని ‘ఇంకా పెరగలేదు, ఇంకో రౌండు’ అంటే ఏమవుతుందో చెప్పండి! అందుకే వాచీ చూడొద్దంది. నడుస్తుంటే మాట సాగాలి, పాట సాగకూడదు, అదీ ఈయన వేగం. రోజుకి అరగంట, వారానికి అయిదు రోజులు. ఆఖర్న టక్కున ఆగిపోకుండా నెమ్మదిగా నడిచి ఆపాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి.

ఇంకోటి చెబితే నవ్వుతారు. గోడకుర్చీ! బళ్లో లెక్క తప్పితే వేయించేవారే, అదే. 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 270 అధ్యయనాలు కలిపి లెక్కేశారు. నడక, పరుగులాంటివాటితో బీపీ పై అంకె సగటున నాలుగున్నర తగ్గితే, గోడకుర్చీలా కండ బిగించి కదలకుండా ఉండేవాటితో 8 దాకా తగ్గిందట. రెండు నిమిషాలు వెయ్యడం, కాసేపు ఆగడం, అలా నాలుగుసార్లు, వారానికి మూడ్రోజులు. ఈయన మొదట్లో అర నిమిషానికే జారిపోయేవారు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు, గోడమీద ఇంకాస్త పైకి ఆనుకోమంది. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, బిగబడితే బీపీ ఎగబాకుతుంది.

మీ మోకాళ్లా? అయ్యో, మీకది వద్దులెండి. పిడికిట్లో పట్టుకుని నొక్కే పరికరం ఉంది. ఉన్న బలంలో మూడోవంతు పెట్టి రెండేసి నిమిషాలు నొక్కాలి, అదీ ఆ కోవదే. కుర్చీలో కూర్చునే చెయ్యొచ్చు.

మిషన్లో 180/110 దాటిన రోజున మాత్రం ఏదీ చెయ్యకూడదు, డాక్టరుకి ఫోన్ కొట్టాల్సిందే. అంకె తగ్గింది కదా అని మాత్ర మానెయ్యడమూ కూడదు, ఆ మాట డాక్టరే చెప్పాలి.

రేపు అన్నయ్యగారి చేతికి మాత్రల చీటీ ఇచ్చి పంపండి. మావారి దగ్గరికి కాదండోయ్, ఆయన తనకి చెప్పిందే అందరికీ చెప్పేస్తున్నారు. ఆ అమ్మాయి దగ్గరికే పంపండి.