మా వేపచెట్టూ... జాషువాగారి పిట్టా

తొలి ఏకాదశికి వినుకొండ వెళ్తే ఊళ్లో కాలు మోపే చోటుండదు. చుట్టుపక్కల పల్లెలన్నీ రామలింగేశ్వరస్వామి కొండవైపే కదిలొస్తాయి. బస్టాండు నుంచి శివయ్య స్తూపం దాకా జనం, ఆటోలు, బూరలమ్మే కుర్రాళ్లు, చెరుకురసం బండ్లు. ఆ గోలలో మా తొమ్మిదేళ్ల అమ్మాయి నా చెయ్యి లాగి అడిగింది... ‘అమ్మా, గిజిగాడు ఎక్కడుంటుంది?’

తప్పు నాదే. దారి పొడుగునా దానికి జాషువాగారి కబుర్లు చెప్పాను. ఆయన 1895 సెప్టెంబరు 28న మన వినుకొండలోనే పుట్టారనీ, గిజిగాడి మీదా సాలీడు మీదా కూడా పద్యాలు రాశారనీ! 1941లో వచ్చిన ‘గబ్బిలం’ సంగతీ చెప్పాను. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో ఇష్టంగా తిరిగే గబ్బిలాన్ని పిలిచి శివుడికి కబురు పంపుకుంటాడని. హైదరాబాద్‌లో ఆరో అంతస్తులో పెరుగుతున్న పిల్ల. దానికి బాగా తెలిసిన పిట్ట బాల్కనీ పావురం ఒక్కటే.

నేను వచ్చింది పండక్కే కాదు, ఓ పంచాయితీకి కూడా. మా దొడ్లో వేపచెట్టుంది. దాన్ని కొట్టేసి అక్కడ ఓ పోర్షన్ వేసి అద్దెకివ్వాలని తమ్ముడి ఆలోచన. వాడిదీ తప్పనలేను. మా వీధిలో అందరూ అదే చేశారు. వినుకొండ 2005లో మున్సిపాలిటీ అయింది, 2011 లెక్కలకే జనాభా దాదాపు 60 వేలు. గజం జాగా కూడా ఊరికే వదిలే రోజులు కావివి. అమ్మ మాత్రం ఔననదు, కాదనదు.

మర్నాడు పొద్దున్నే కొండెక్కాం. సీతమ్మను ఎత్తుకుపోయిన కబురు రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయిందంటారు. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి రాయిని వినుకొండ గ్రానైట్ అనే పిలుస్తారు. దాని వయసు దాదాపు 160 కోట్ల ఏళ్లని తేల్చారు. అలాంటి బండ మీద కూర్చుని చూస్తే ఊరంతా శ్లాబులు, నల్లటి నీళ్ల ట్యాంకులు, సెల్‌టవర్లు. ‘మన చెట్టేదీ?’ అంది పిల్ల. వెతగ్గా వెతగ్గా దొరికింది. మా వీధి మొత్తానికి ఆ పచ్చటి చుక్క ఒక్కటే. అప్పటిదాకా అది మా ఇంటి చెట్టు అనుకున్నాను. పైనుంచి చూస్తే వీధి చెట్టు.

ఇక వెతుకులాట మొదలైంది. సాలీడు సులభంగానే దొరికింది. స్నానాలగది వెంటిలేటర్లో గూడు కట్టుకుని కూర్చుంది. రోజూ చీపురుతో దులిపే అమ్మ, మనవరాలి మాట మీద దానికి రెండు రోజులు గడువిచ్చింది.

గబ్బిలాలు చీకటిపడ్డాక వచ్చాయి. ఆషాఢంలో వేపపళ్లు పండి రాలుతుంటాయి కదా... పగలు గోరింకలు, కోయిలలు తింటే రాత్రి వంతు వీటిది. గుజ్జు చీకి గింజ వదిలేస్తాయి. పొద్దున్నే బట్టలుతికే రాయి మీద గింజలు చూసి విసుక్కునే అమ్మకి ఆ సంగతి చెబితే కాసేపు చీపురాపింది. ‘ఈ చెట్టు మీ నాన్న నాటింది కాదే. దానంతటదే మొలిచింది. కాకి వేసిందనుకున్నాం ఇన్నాళ్లూ’ అంది. గబ్బిలమే వేసిందేమో, ఎవరు చూశారు! మొలిచినదాన్ని బతికించింది మాత్రం అమ్మే. ఎండాకాలంలో నీళ్లు బిందెల లెక్కన వాడుకున్న రోజులు మాకు గుర్తే. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు అన్నీ దాని మొదట్లోకే. ఇప్పుడు మేడమీద పాత పెయింటు డబ్బాల్లో దొండపాదు, మరువం, కరివేపాకు కూడా ఆ నీళ్లతోనే పెరుగుతున్నాయి.

గిజిగాడు మాత్రం ఊళ్లో లేదు. ‘చిన్నప్పుడు మనం ఈతకెళ్లే బావి దగ్గర ఉండేవి కదక్కా’ అన్నాడు తమ్ముడు. అని, తనే బండి తీశాడు. ఊరు దాటి, పొలాల్లోకి దిగి, పాత దిగుడుబావి దగ్గర ఆపాడు. బావిలోకి వంగిన తుమ్మచెట్టుకి పదో పన్నెండో గూళ్లు వేలాడుతున్నాయి! పసుపుపచ్చ తలల మగపిట్టలు గడ్డిపోచలు చీల్చి తెస్తున్నాయి. పాములూ పిల్లులూ అందుకోకుండా నీళ్ల మీదికి వేలాడే కొమ్మనే చూసుకుంటాయవి. వందల సార్లు తిరిగితేగానీ గూడు పూర్తవదు.

‘ఇదేంటి, సగం కట్టి వదిలేసింది?’ అన్నాడు తమ్ముడు, ప్లాన్లూ ఎస్టిమేట్లూ చూసే కళ్లతో. మగపిట్ట సగమే కట్టి ఆపుతుందనీ, ఆడపిట్ట వచ్చి లోపల తిరిగి చూసి సరేనంటేనే మిగతాది పూర్తిచేస్తుందనీ చెప్పాను. నచ్చకపోతే ఆ గూడు అలా వదిలేసి ఇంకోటి మొదలెట్టాల్సిందే.

‘అయితే మా ఆవిణ్ణి అడక్కుండా పునాది తీయకూడదన్నమాట’ అని నవ్వాడు. మా అమ్మాయి వదల్లేదు. ‘మరి అమ్మమ్మని అడిగావా, మావయ్యా?’

వాడేం మాట్లాడలేదు. అరగంట సేపు ఆ బావిగట్టు మీదే కూర్చున్నాం. కింద రాలిన గూడొకటి పిల్ల ఏరుకుంటే, లోపల పిల్లలు లేవు కదా అని వాడే వేలుపెట్టి చూసిచ్చాడు. గూటి గోడకి లోపల ఎండిన బంకమన్ను ముద్దలున్నాయి.

ఆ రాత్రి వరండాలో తమ్ముడు మేస్త్రీతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ‘మెట్లు తూర్పువైపుకి తిప్పి, గది కొంచెం తగ్గిస్తే ఎంతవుద్ది?’ మేస్త్రీ ఏం లెక్క చెప్పాడో మాకు వినపడలేదు. అమ్మ గిన్నెలు తొలిచిన నీళ్ల బకెట్టు పట్టుకుని దొడ్లోకి వెళ్లింది. దాని వెనకే, టార్చిలైటు వేసుకుని మా అమ్మాయి.