చాప మీద టోక్యో

చిక్కడపల్లిలో కాపురం ఉంటూ ఇంట్లో సినిమాలు చూస్తామంటే ఒకప్పుడు నవ్వేవారు. గుమ్మం దిగి నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి... ఎక్కడ ఏ బొమ్మ ఆడుతోందో మా వీధిలో పాలబ్బాయిని అడిగినా చెప్పేవాడు. ఇటు నారాయణగూడ వైపు నడిస్తే దీపక్. అలాంటి చోట, 2005లో మా ఇంటికి డీవీడీ ప్లేయర్ వచ్చింది.

అశోక్‌నగర్‌లోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఓ రిటైర్డు లెక్చరరు గారు పరిచయమయ్యారు. ఆయన ఇచ్చిన మొదటి సినిమా 'బైసికిల్ థీవ్స్'. 1948లో ఇటలీలో డి సికా తీసింది. రెండు సీడీలు. మొదటిది తీసి రెండోది పెట్టే సమయమే మాకు ఇంటర్వెల్, ఆ కాస్త వ్యవధిలోనే టీ.

పోస్టర్లు అంటించే ఉద్యోగానికి సైకిల్ కావాలి. అది తాకట్టులో ఉంది. భార్య మంచం మీది దుప్పట్లు తీసుకెళ్లి తాకట్టు పెడుతుంది. ''మా అమ్మ ఇత్తడి బిందెలు పెట్టేది'' అంది మా ఆవిడ మెల్లగా. విడిపించుకున్న సైకిల్‌ని ఎవడో ఎత్తుకుపోతాడు. కొడుకుని వెంటేసుకుని రోమ్ అంతా వెతికిన ఆ తండ్రి చివరికి తనే ఒక సైకిల్ దొంగిలించబోయి దొరికిపోతాడు. ''వాళ్ల నాన్న దొంగా?'' అనడిగాడు ఎనిమిదేళ్ల మావాడు. నా దగ్గర జవాబు లేదు.

సత్యజిత్ రాయ్ 1950లో లండన్‌లో ఈ సినిమా చూశాకే, తనూ ఇలాగే మామూలు మనుషులతో తీయాలనుకున్నారట. 1955లో 'పథేర్ పాంచాలి' వచ్చింది.

అసలు చెప్పాల్సింది మరో సినిమా గురించి. 2006 మార్చిలో నాన్నకి కంటి శుక్లం ఆపరేషన్ చేయించడానికి అమ్మానాన్నా తెనాలి నుంచి వచ్చారు. నాది లెక్కల ఉద్యోగం, మార్చి అంటే ఊపిరాడదు. ఊరు చూపించే తీరిక లేక, ఇద్దర్నీ సిటీ టూర్ బస్సెక్కించాను. చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ... ఒక్కరోజులో అన్నీ. మోకాళ్ల నొప్పులతో తిరిగొచ్చిన అమ్మ, ''బాగుంది నాయనా'' అంది. నేనూ నమ్మేశాను.

ఆ ఆదివారం కథ తెలియకుండానే 'టోక్యో స్టోరీ' పెట్టాను. 1953లో ఓజు తీసిన జపాన్ సినిమా. హాల్లో చాప పరిచాం. వాళ్లూ చాపల మీదే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. కెమెరా కూడా కిందనే ఉంది. ''మన పక్కనే కూచున్నట్టున్నారు'' అంది అమ్మ. నాన్నకి బొమ్మ మసగ్గా కనబడేది, ఇంగ్లీషు అక్షరాలు అసలే ఆనేవి కావు. నేను చదివి తెలుగులో చెబుతున్నాను.

దూరపు ఊరి నుంచి వచ్చిన ముసలి దంపతులు. టోక్యోలో పిల్లలకి తీరిక లేదు. తలాకాస్త డబ్బు వేసుకుని తల్లిదండ్రుల్ని వేడినీటి బుగ్గల ఊరికి పంపేస్తారు. అక్కడ రాత్రంతా గోల, నిద్ర పట్టదు. నా గొంతు ఆగిపోయింది.

''ఆపేశావేంరా? ఏమంటున్నారు?'' అన్నాడు నాన్న.

చెప్పక తప్పలేదు. ఒక్కో మాటా నా నోటితోనే చెప్పాను. యుద్ధంలో పోయిన కొడుకు భార్య మాత్రం ఆఫీసులో సెలవడిగి వాళ్లకి ఊరు చూపిస్తుంది. కన్నబిడ్డలకి దొరకని సెలవు ఆమెకి దొరికింది. ఊరికి తిరిగెళ్లాక ఆ తల్లి చనిపోతుంది.

సినిమా అయ్యాక ఎవరం లేవలేదు. అమ్మే అంది: ''ఆ పిల్లలు చెడ్డవాళ్లేం కాదు నాయనా. తీరిక లేదు, పాపం.''

మర్నాడు ఆఫీసులో సెలవడిగాను. ముఖం చిట్లించారు గానీ ఇచ్చారు. ముగ్గురం ఇందిరా పార్కులో చెట్టుకింద కూర్చున్నాం. గోల్కొండలో ఏం చూశారని అప్పుడడిగాను. ''మెట్లు'' అన్నాడు నాన్న. ముగ్గురం నవ్వుకున్నాం.

ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేడు. డిస్కులు, ప్లేయరూ అటకెక్కాయి. ఏ దేశం సినిమా అయినా టీవీలో మీట నొక్కితే వస్తోంది. మావాడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, ''ఈ నెల రాలేను నాన్నా, బోలెడు పనుంది'' అన్నాడు.

''పర్లేదులేరా'' అని పెట్టేశాను. మా ఆవిడ నా వంక చూసింది.

''తీరిక లేదు, పాపం'' అన్నాను.